నడచుచున్న ప్రక్రియల వివరసేకరణము – తెలుగు నామముల సమస్య

1. ప్రస్తావన

భాషాసాహిత్య పరిశోధనమున కంప్యూటరు నేడు లేఖకుని పనికి మాత్రమే పరిమితమై యుండలేదు. పదప్రయోగసూచికలను కూర్చుట, పాఠాంతరములను సరిపోల్చుట, ముద్రిత గ్రంథముల ఛాయాచిత్రములనుండి అక్షరములను గుర్తించుట మొదలగు పనులు గంటల తరబడి, కొన్నియెడల దినముల తరబడి యంత్రమున నడచుచుండును. ఒకే యంత్రమును పలువురు పంచుకొను శాఖలలో ఒకరి పని ముగియకముందే వేఱొకరి పని మొదలగును. అట్టిచోట ఇప్పుడు ఏయే పనులు నడచుచున్నవి, అవి ఎవరివి, ఎప్పుడు మొదలైనవి, నిజముగా సాగుచున్నవా లేక నిలిచిపోయినవా అను ప్రశ్నలు పుట్టుట సహజము. తెరమీద పట్టికను చూచి సమాధానము చెప్పుకొనుట ఒక పద్ధతి. ప్రోగ్రామే ఆ వివరములను యంత్రము నడిగి తెచ్చుకొని తగిన నిర్ణయము చేయునట్లు వ్రాయుట రెండవ పద్ధతి. ఈ రెండవ పద్ధతియే ఈ వ్యాసమునకు విషయము.

ఈ విషయమును బోధించు పుస్తకములలోని ఉదాహరణములు ప్రాయికముగా రోమను లిపిలోని పేళ్లతోనే కూడియుండును. ప్రోగ్రామునకు తెలుగున గాని, కన్నడమున గాని, హిందీయందు గాని పేరు పెట్టినపుడు ఏమి జరుగునో వానియందు విచారింపబడదు. ఆ విచారణ లేకపోవుట కేవలము ఒక లోపముగా నిలిచిపోదు. తప్పు పేరును నమ్మి ఆజ్ఞ యిచ్చిన యెడల ఒక పరిశోధకుని కొన్ని దినముల కృషి క్షణములో నశించును. అది ఎట్లు జరుగునో, ఎట్లు నివారింపవచ్చునో చూపుట ఈ వ్యాసోద్దేశము. లినక్సు వ్యవస్థను ప్రధానముగ గ్రహించి, విండోసు వ్యవస్థను పోలికకొరకు మాత్రము స్పృశించుట జరిగినది.

2. సంజ్ఞానిర్ణయము

ప్రోగ్రాము వేఱు, అది నడచుట వేఱు. డిస్కుమీద ఫైలుగా నున్నంతవరకు ప్రోగ్రాము వ్రాతపాఠమువంటిది. దానిని యంత్రము జ్ఞాపకములోనికి తెచ్చుకొని, ఒక సంఖ్య నిచ్చి, నడపుట మొదలిడినప్పుడు పుట్టునది ప్రాసెస్. ఒకే ప్రోగ్రామును ముగ్గురు నడపిన యెడల పాఠ మొక్కటియే, ప్రాసెస్‌లు మూడు.

వ్యాకరణము నెఱిగిన వారికి ఈ భేదము కొత్తది కాదు. సూత్రములు సూత్రపాఠమున నిలిచియుండును. ఒక రూపమును సాధింపవలసి వచ్చినపుడు అవి క్రమముగా ప్రవర్తించును. ఆ సాధనక్రమమునకు ప్రక్రియ యని పేరు. భట్టోజి దీక్షితుని సిద్ధాంతకౌముది పాణిని సూత్రములను ఈ ప్రక్రియాక్రమముననే అమర్చినది. తెలుగు విమర్శలో ప్రక్రియాశబ్దము కావ్యభేదములకు రూఢమైనను, వ్యాకరణార్థమునుబట్టి ప్రాసెస్‌కు ప్రక్రియ యను మాట చక్కగ సరిపోవును. ఈ వ్యాసమున ప్రక్రియ యనగా నడచుచున్న ప్రోగ్రామనియే గ్రహింపవలెను.

ప్రతి ప్రక్రియకును ఒక సంఖ్య యుండును. దానిని పిడ్ అందురు. ప్రక్రియను పుట్టించిన ప్రక్రియకు జనకప్రక్రియ యని పేరు. దాని సంఖ్యయు పుట్టిన ప్రక్రియ వివరములలో నమోదై యుండును. వ్యవస్థకు మూలమైన నడపు ప్రోగ్రామును కెర్నెల్ అందురు. ప్రక్రియలను గూర్చిన సమస్త సమాచారమునకును నిధానము కెర్నెలే.

3. పూర్వచరిత్ర

యూనిక్స్ వ్యవస్థ 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలయందు కెన్ థామ్సన్, డెనిస్ రిచీ మొదలగువారి కృషిచే ఆరంభమైనది. ప్రక్రియల పట్టికను చూపు పీఎస్ అను ఆజ్ఞ ఆ వ్యవస్థలో చాల ప్రాచీనమైనది. తొలినాళ్లలో ఆ ఆజ్ఞ కెర్నెల్ యొక్క జ్ఞాపకమును నేరుగా తెరచి, లోపలి పట్టికలు ఏ చోట నున్నవో లెక్కించి చదువుకొనెడిది. ఇది ఇంటి యజమాని నడుగక పెట్టె తెరచి చూచుటవంటిది. అందుకు ప్రత్యేకాధికారము కావలెను. కెర్నెల్ కూర్పు మాఱిన యెడల పట్టికల అమరిక మాఱి, చదువు ప్రోగ్రామును సరిచేయవలసివచ్చెడిది.

1984లో టామ్ కిలియన్ ప్రక్రియలను ఫైలులుగా చూపు పద్ధతిని ఒక పత్రమున వివరించెను. యూనిక్స్ ఎనిమిదవ కూర్పులో ఇది చేరినది. ప్రతి ప్రక్రియయు ఒక ఫైలువలె కనబడిన యెడల, ఫైలును తెరచుట, చదువుట, మూయుట అను మూడు సామాన్యక్రియలతోనే దాని వృత్తాంతమును తెలిసికొనవచ్చును. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్సునందు ఈ పద్ధతి 1992లో ప్రవేశించి, క్రమముగా విస్తరించినది.

ఆ 1992వ సంవత్సరముననే కెన్ థామ్సన్, రాబ్ పైక్ అనువారు యూటీఎఫ్-8 అను అక్షరసంకేతవిధానమును రూపొందించిరి. దానికి ముందటి సంవత్సరమున వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగులిపికి స్థానము లభించినది. ప్రక్రియలకు ఫైలురూపము, తెలుగు అక్షరములకు సంకేతరూపము దాదాపు ఒకేకాలమున ఏర్పడినవన్నమాట. ఈ రెండును కలిసినచోటనే ఇచ్చట చర్చింపబోవు చిక్కు పుట్టినది.

4. ప్రాక్ సంపుటి

లినక్సులో ప్రక్రియల వివరములు ప్రాక్ అను సంపుటియందు కనబడును. ఇది ప్రాసెస్ అను మాటకు సంక్షేపమే గాని సంస్కృతమందలి ప్రాక్ అను అవ్యయముతో దీనికి సంబంధము లేదు. ఈ సంపుటి డిస్కుమీద లేదు. చదువువాడు అడిగిన క్షణముననే కెర్నెల్ దానిలోని విషయమును కూర్చి ఇచ్చును. కావుననే దానిలోని ఫైలు పరిమాణము సున్నగా కనబడినను, తెరచి చదివిన విషయ ముండును.

ప్రాక్ సంపుటిలో ప్రతి ప్రక్రియకును దాని సంఖ్యయే పేరుగాగల ఉపసంపుటి యుండును. 2417 సంఖ్యగల ప్రక్రియ వివరములు 2417 అను ఉపసంపుటిలో నుండును. అందలి ఫైలులలో ముఖ్యమైనవి ఇవి.

మొదటిది కామ్. ఇందు ప్రక్రియ యొక్క పొట్టిపేరు మాత్ర ముండును.

రెండవది కమాండ్‌లైన్. దీని అసలు పేరు సీఎండీలైన్. ప్రోగ్రామును ఏ మాటలతో పిలిచిరో ఆ మాటలన్నియు ఇందు వరుసగా నుండును. మాటకు మాటకు నడుమ ఖాళీ యుండదు, సున్న విలువగల బైటు ఉండును. పైథాన్ భాషలో వ్రాసిన ప్రోగ్రామును పైథాన్ పేరు చెప్పి నడపినపుడు కామ్ ఫైలులో పైథాన్ అనియే కనబడును. పరిశోధకుడు వ్రాసిన ఫైలు పేరు కమాండ్‌లైన్‌లోనే దొరకును.

మూడవది స్టేటస్. ఇది మనుష్యులు చదువుట కనువైనది. పేరు, దశ, సంఖ్య, జనకసంఖ్య, యజమాని, ఆక్రమించిన జ్ఞాపకము మొదలగునవి ఒక్కొక్క పంక్తియందు శీర్షికతో నుండును.

నాలుగవది స్టాట్. ఇది యంత్రము చదువుట కనువైనది. వివరములన్నియు ఒకే పంక్తిలో, శీర్షికలు లేక, ఖాళీలచే వేరుపడి యుండును. మొదటిది సంఖ్య, రెండవది కుండలీకరణములలోనున్న పేరు, మూడవది దశ, నాలుగవది జనకసంఖ్య. 14వ స్థానమున ప్రక్రియ తన పనికి వాడుకొన్న ప్రాసెసరుకాలము, 15వ స్థానమున దానికొరకు కెర్నెల్ వాడిన కాలము, 22వ స్థానమున అది పుట్టినకాలము ఉండును.

ఐదవది ఎగ్జి. ఇది నడచుచున్న ప్రోగ్రాము ఫైలునకు లంకె. పేరును ప్రక్రియ తానే మార్చుకొనవచ్చును. కమాండ్‌లైన్‌నుగూడ మార్చుకొనవచ్చును. ఈ లంకె అట్లు సులభముగ మాఱునది కాదు. కాని ఇతరుల ప్రక్రియలయందు దీనిని చదువుటకు సామాన్యవినియోగదారునికి అనుమతి యుండదు.

దశ ఒక్క రోమనక్షరముచే తెలుపబడును. ఆర్ అనగా నడచుచున్నది, లేక నడచుటకు సిద్ధముగా నున్నది. ఎస్ అనగా ఏదో ఒకదానికై నిరీక్షించుచు నిద్రించుచున్నది. డి అనగా డిస్కువంటి సాధనముకొరకు గాఢముగ వేచియున్నది. సామాన్యముగా ఈ దశలో నున్నప్పుడు ఆపుమన్నను ఆగదు. టి అనగా నిలుపబడినది. జెడ్ అనగా పని ముగిసినను జనకప్రక్రియ తుదిఫలితమును స్వీకరింపకపోవుటచే పట్టికయందు పేరు మాత్రము మిగిలినది. ఇట్టిదానిని చంపుటకు యత్నించుట వ్యర్థము. అది ఇదివఱకే ముగిసినది. దాని కమాండ్‌లైన్ శూన్యముగా నుండును.

5. ప్రోగ్రాము రచనాక్రమము

ఈ వివరములను ప్రోగ్రాము ద్వారా సేకరించుటకు క్రమ మిట్టిది. మొదట ప్రాక్ సంపుటిని తెరచి అందలి పేళ్లను ఒక్కటొక్కటిగా తీయవలెను. వానిలో కేవలము అంకెలతో నేర్పడిన పేళ్లే ప్రక్రియలు. తక్కినవి జ్ఞాపకము, ప్రాసెసరు మొదలగువానికి సంబంధించిన వేఱు ఫైలులు. పిమ్మట ప్రతి సంఖ్యకును స్టాట్ ఫైలును తెరచి ఒక్కసారిగా చదివి మూయవలెను.

ఇక్కడ మొదటి జాగ్రత్త కలదు. పట్టికను తీసిన క్షణమునకును, ఫైలును తెరచిన క్షణమునకును మధ్య ప్రక్రియ ముగిసిపోవచ్చును. అప్పుడు ఫైలు లేదను సమాధానము వచ్చును. ఇది దోషము కాదు. ప్రోగ్రాము దానిని విడిచి తరువాతి సంఖ్యకు పోవలెను. ఇట్లు కూర్చిన పట్టిక ఏ ఒక్క క్షణమునకును సంపూర్ణచిత్రము కాజాలదు. చదువుచుండగనే కొన్ని పుట్టును, కొన్ని గిట్టును.

రెండవ జాగ్రత్త స్టాట్ పంక్తిని విడదీయుటలో నున్నది. ఖాళీలవద్ద విడదీసి మూడవదానిని దశగా గ్రహించుట చాలమంది చేయు పని. పేరులో ఖాళీ లేనంతవఱకు అది చెల్లును. "కోశం (2)" అను పేరుగల ప్రోగ్రామును గ్రహింపవచ్చును. అట్లు విడదీసిన యెడల రెండవస్థానమున పేరులో సగమే పడి, దశ యుండవలసిన మూడవస్థానమున 2 అను అంకె కనబడును. అటుపిమ్మటి స్థానములన్నియు ఒక్కొక్కటిగా జరిగిపోవును. సరియైన పద్ధతి పంక్తిలోని చిట్టచివరి కుండలీకరణమును వెదకుట. మొదటి తెరపునకును ఆ చివరి మూతకును మధ్యనున్నది పేరు, ఆ మూతకు తరువాత నున్నది దశ.

కాలవివరములు సెకనులలో నుండవు. యంత్రము టిక్కులలో లెక్కించును. సెకనునకు ఎన్ని టిక్కులో వ్యవస్థనే అడిగి తెలిసికొనవలెను. సామాన్యముగా అది 100. స్టాట్‌లోని 22వ సంఖ్య 3,60,000 అయిన యెడల యంత్రము మొదలైన 3,600 సెకనులకు, అనగా ఒక గంటకు, ఆ ప్రక్రియ పుట్టినదని అర్థము.

ప్రక్రియ పనిచేయుచున్నదా లేదా అను ప్రశ్నకు ఒక్క పరిశీలన చాలదు. 14, 15 సంఖ్యల మొత్తమును ఒకసారి చదివి, కొంతసేపు ఆగి మఱల చదువవలెను. మొదట 4,500 టిక్కులు, 10 సెకనుల పిమ్మట 5,300 టిక్కులు కనబడిన యెడల, నడుమ 800 టిక్కులు, అనగా 8 సెకనుల ప్రాసెసరుకాలము ఖర్చయినది. ఆ ప్రక్రియ ఒక ప్రాసెసరులో నూటికి 80 పాళ్లు వాడుకొనుచున్నది. రెండు పరిశీలనలలోను సంఖ్య మాఱకున్నను అది చచ్చినదని తొందరపడరాదు. దూరపు యంత్రమునుండి రావలసిన ఫైలుకొరకు వేచియుండవచ్చును. దశను, సంఖ్యలను కలిపి చూచి, పలుమాఱులు పరిశీలించిన పిమ్మటనే నిర్ణయమునకు రావలెను.

6. పదునైదు బైట్ల హద్దు

ఇక తెలుగు నామముల విషయము. కామ్, స్టాట్ ఫైలులలోని పొట్టిపేరునకు కెర్నెల్ కేటాయించిన స్థలము 16 బైట్లు. చివరి బైటు ముగింపుగుర్తునకు పోగా పేరునకు మిగులునవి 15. ఇంగ్లీషు అక్షర మొక్కటి ఒక బైటు గనుక 15 అక్షరముల పేరు పట్టును. యూటీఎఫ్-8లో తెలుగు సంకేత మొక్కొక్కటి 3 బైట్లు. కనుక తెలుగుపేరున 5 సంకేతములే పట్టును. దేవనాగరి, బంగ్లా, గుజరాతీ, తమిళ, కన్నడ, మలయాళ లిపుల కన్నిటికిని ఇదే గతి. ఉర్దూ అక్షరములు 2 బైట్లవి గనుక 7 పట్టును. చక్మా లిపి అక్షరములు 4 బైట్లవి గనుక 3 మాత్రమే పట్టును.

ఇచ్చట సంకేతమనగా అక్షరము కాదు. తెలుగు ఛందస్సున అక్షరసంఖ్య వేఱు, మాత్రాసంఖ్య వేఱు అయినట్లు, యంత్రమునందు అక్షరము, సంకేతము, బైటు అను మూడు కొలతలు వేఱువేఱు. "పదకోశం" అను పేరున అక్షరములు నాలుగు. సంకేతములు ఆఱు: ప, ద, క, ఓత్వము, శ, సున్న. బైట్లు 18. పదునైదింటికి మించిన మూడు బైట్లు, అనగా చివరి సున్న, కెర్నెల్ చేత ఖండింపబడును. మిగులునది "పదకోశ". చూచుటకు ఇది బాలవ్యాకరణమందలి డుమువర్ణకము తొలగిన ప్రాతిపదికవలె నున్నది. యంత్రము మాత్రము వ్యాకరణము నెఱిగి చేసిన పని కాదిది.

అన్ని పేళ్లును ఇట్లు మర్యాదగా విఱుగవు. "చంద్రిక" యను పేరున ఏడు సంకేతములు కలవు. ఐదింటివద్ద ఖండింపగా "చంద్ర" మిగులును. వేఱొక పదమే ఏర్పడినది. "పదపట్టిక" యను పేరు "పదపట్" అయి, పొల్లుతో వ్రేలాడును. "నిఘంటువు" నకు "నిఘంట" మిగులును. "వ్యాకరణం" అను పేరున సంయుక్తాక్షరమే నాలుగు సంకేతములను మ్రింగుటచే "వ్యాక" మాత్రమే నిలుచును. సంయుక్తాక్షరములు గుణింతములు ఎక్కువైనకొలది కంటికి కనబడు అక్షరముల సంఖ్య తగ్గును.

కంటికి కనబడని సంకేతములును కలవు. రెండు హల్లులు కలిసిపోకుండ ఆపుటకు టైపు చేయునప్పుడు పెట్టు శూన్యవెడల్పు గుర్తు తెరమీద కనబడదు గాని 3 బైట్లను ఆక్రమించును. ఐత్వమును ఒకే సంకేతముగా గాని, రెండు సంకేతములుగా గాని వ్రాయవచ్చును. "శైలి" యను పేరు మొదటి విధమున 12 బైట్లు, రెండవ విధమున 15 బైట్లు. చూచుటకు రెండును ఒకటే. యంత్రము సరిపోల్చిన యెడల రెండును వేఱు.

పేరున ఒక అంకెయో, రోమనక్షరమో చేరిన యెడల మఱియొక ఇబ్బంది. "2పదకోశం" అను పేరున అంకెకు 1 బైటు, తరువాతి నాలుగు సంకేతములకు 12 బైట్లు, మొత్తము 13. మిగిలిన 2 బైట్లలో శకారము యొక్క మూడు బైట్లలో రెండే పట్టును. అక్షరమే నడిమికి విఱిగినది. ఈ పేరును యూటీఎఫ్-8 పాఠముగా చదువబోవు ప్రోగ్రాము సంకేతదోషమని చెప్పి ఆగిపోవచ్చును. అనగా ఒకరు తమ ప్రోగ్రామునకు పెట్టుకొన్న పేరువలన, పట్టికను తీయుచున్న వేఱొకరి ప్రోగ్రాము కూలును. కాబట్టి ఈ ఫైలులను మొదట బైట్లుగనే చదివి, విడదీసి, పిమ్మట విఱిగిన బైట్లను సహించు విధమున పాఠముగా మార్చుకొనవలెను.

7. తప్పుపేరు – తప్పుచావు

ఈ హద్దువలన కలుగు ప్రమాదము ఒక దృష్టాంతముచే స్పష్టమగును. ఒక శాఖయందు ఇద్దరు పరిశోధకులు ఒకే లాగిన్ పేరుతో ఒకే యంత్రమును వాడుచున్నారని భావింపవచ్చును. ఒకరి ప్రోగ్రాము పేరు "పదకోశం". అది ఒక్క గ్రంథమునుండి పదములను తీయును. రెండవవారి ప్రోగ్రాము పేరు "పదకోశాలు". అది పెక్కు నిఘంటువులను సరిపోల్చుచు మూడు దినములుగా నడచుచున్నది. మొదటివారు తమ ప్రోగ్రామును ఆపదలచి, పేరునుబట్టి ఆపు పీకిల్ అను ఆజ్ఞకు "పదకోశం" అని పేరిచ్చిరి. ఆ పేరు 18 బైట్లు. పట్టికలో అట్టి పేరు లేదు గనుక ఏదియు ఆగలేదు. పేరు 15 బైట్లకు మించిన యెడల ఫలితముండదని ఆజ్ఞయే హెచ్చరించును. ఆ హెచ్చరికను చూచి వారు పట్టికలో కనబడినట్లు "పదకోశ" అని ఇచ్చిరి. ఈసారి రెండు ప్రక్రియలును ఆగినవి. ఏలయన "పదకోశం", "పదకోశాలు" అను రెండు పేళ్లును కెర్నెల్ పట్టికలో "పదకోశ" అనియే యున్నవి. ఏకవచన బహువచన భేదము హద్దు కావల మిగిలిపోయినది. మూడు దినముల ఫలితమును నడుమ నడుమ డిస్కుమీద భద్రపఱచియుండని యెడల అంతయు మొదటికి వచ్చును.

ఇందు ఎవరి దుర్బుద్ధియు లేదు. తెలుగుపేరు పెట్టుట తప్పు కాదు. పట్టికలోని పొట్టిపేరును పూర్తిపేరని నమ్ముట తప్పు. పీకిల్ ఆజ్ఞయందే పూర్తి కమాండ్‌లైన్‌ను సరిపోల్చు వికల్పము కలదు. దానిని వాడినయెడల రెండు పేళ్లును వేఱుపడును. అంతకంటె మేలైనది, చంపుటకు ముందు అదే షరతుతో పట్టికను మాత్రము తీయించి, ఎన్ని ప్రక్రియలు సరిపోయినవో చూచుకొనుట. ఒకటికి మించి కనబడిన యెడల ప్రోగ్రాము ఆగి మనుష్యుని అడుగవలెను.

8. సంఖ్యయు శాశ్వతము కాదు

పేరు నమ్మదగినది కానప్పుడు సంఖ్యను నమ్మవచ్చునని తోచును. అదియు సంపూర్ణసత్యము కాదు. ప్రక్రియాసంఖ్యలు క్రమముగా పెరుగుచు, హద్దు ముట్టిన పిమ్మట మఱల మొదటికి వచ్చి, ఖాళీయైన సంఖ్యలను తిరిగి గ్రహించును. లినక్సులో చిరకాలము ఈ హద్దు 32,768. 64 బిట్ల యంత్రములలో దీనిని 41,94,304 వఱకు పెంచవచ్చును. ఒక ప్రోగ్రాము తన సంఖ్యను ఫైలులో వ్రాసిపెట్టి ముగిసిపోవచ్చును. మఱునాడు ఆ ఫైలును చూచి అదే సంఖ్యకు ఆగుమని ఆజ్ఞ పంపిన యెడల, ఆ సంఖ్యను అప్పటికి గ్రహించిన వేఱొక ప్రక్రియ ఆగిపోవును.

సాహిత్యచరిత్రలో ఒకే పేరుగల కవులను కాలముచే వేఱుపఱతురు. ఇచ్చటను అదే ఉపాయము. సంఖ్యను, స్టాట్‌లోని 22వ స్థానమందలి పుట్టినకాలమును జంటగా గ్రహింపవలెను. యంత్రము ఒకసారి మొదలై ఆగువఱకు ఈ జంట ఒకే ప్రక్రియను గుర్తించునని వ్యవహారమున నమ్మవచ్చును. పైథాన్‌లో ప్రసిద్ధమైన పీఎస్‌యుటిల్ గ్రంథాలయము ప్రక్రియ ఇంకను బ్రతికియున్నదా యని చెప్పుటకు ఈ రెంటినే సరిచూచును. పొట్టిపేరు హద్దును తాకినదని తోచినపుడు కమాండ్‌లైన్‌నుండి పూర్తిపేరును తెచ్చుకొను యత్నముగూడ చేయును. 2019లో లినక్సునందు పిడ్‌ఎఫ్‌డీ అను సౌకర్యము చేరినది. దీనిచే ప్రక్రియపై ఒక పట్టు లభించును. సంఖ్య చేతులు మాఱినను ఆ పట్టు మొదటి ప్రక్రియకే చెందియుండును గనుక ఆజ్ఞ దారితప్పి వేఱొకదానికి పోదు.

9. విండోసుతో పోలిక

విండోసులో ప్రాక్ సంపుటి లేదు. టూల్‌హెల్ప్ అను వర్గమునకు చెందిన పిలుపులచే ప్రక్రియల పట్టికకు ఒక ఛాయాప్రతిని తీయించి, మొదటిదానిని, ఆ పిమ్మట తరువాతిదానిని అడుగుచు పోవలెను. అడుగుటకు ముందు వివరములు నింపవలసిన పెట్టె పరిమాణమును ప్రోగ్రామే వ్రాసిపెట్టవలెను. మఱచిన యెడల మొదటి అడుగే విఫలమగును.

ఇచ్చట పేరునకు 260 స్థానములు కలవు గనుక ఐదు సంకేతముల ఇబ్బంది లేదు. మఱియొక ఇబ్బంది మాత్రము కలదు. ఈ పిలుపులు రెండు రూపములలో నున్నవి. విశాలాక్షరరూపము యూనికోడ్‌ను గ్రహించును. పాతరూపము ఆయా దేశముల ఎనిమిది బిట్ల సంకేతపట్టికలను ఆశ్రయించును. విండోసులో తెలుగునకు అట్టి పట్టిక లేదు. కనుక పాతరూపమున తెలుగుపేరు ప్రశ్నార్థకముల వరుసగా మాఱును. భారతీయభాషల పేళ్లతో పనిచేయు ప్రోగ్రాము విశాలాక్షరరూపమునే వాడవలెను. సంఖ్యలు తిరిగి వాడబడుట ఇచ్చటను కలదు. జనకసంఖ్య ఇదివఱకే ముగిసిన ప్రక్రియది కావచ్చును. పుట్టినకాలముతో సరిచూచుకొనుట ఇచ్చటను కర్తవ్యమే.

10. గోప్యత

ఇతరుల ప్రక్రియలను చూడగలుగుట అధికారముతో కూడిన విషయము. లినక్సులో సామాన్యముగా ఎవరి కమాండ్‌లైన్ అయినను ఎల్లరు చదువవచ్చును. కావున రహస్యపదములను, అప్రకటితగ్రంథముల దాపులను ఆజ్ఞతోపాటు వ్రాయరాదు. 2012నుండి ప్రాక్ సంపుటిలో ఇతరుల ప్రక్రియలను మఱుగుపఱచు ఏర్పాటు కలదు. అట్టి యంత్రమున ప్రోగ్రామునకు తన యజమాని ప్రక్రియలే కనబడవచ్చును. పట్టికలో కనబడనంత మాత్రమున లేదని నిర్ణయింపరాదు.

11. నిగమనము

పైవిచారణవలన తేలిన విషయములు సంగ్రహముగా ఇవి. ప్రక్రియను పేరునుబట్టి గాక, సంఖ్యను పుట్టినకాలముతో కలిపి గుర్తింపవలెను. పేరు కావలసివచ్చినపుడు కామ్‌ను గాక కమాండ్‌లైన్‌ను, అనుమతి యున్నచో ఎగ్జి లంకెను చూడవలెను. ఫైలులను బైట్లుగా చదువవలెను. స్టాట్ పంక్తిని చివరి కుండలీకరణమునుండి విడదీయవలెను. నడుమ మాయమైన ప్రక్రియను దోషముగా నెంచరాదు. ఆగుమను ఆజ్ఞకు ముందు, సరిపోయినవి ఎన్నియో లెక్కింపవలెను. ఒకే లాగిన్ పేరును పలువురు పంచుకొనుట మానిన యెడల ఒకరి ఆజ్ఞ మఱియొకరి ప్రక్రియను తాకదు.

పేళ్లు పెట్టువారికిని ఒక సూచన కలదు. ఐదు సంకేతముల హద్దున్నంత మాత్రమున రోమను లిపికి మఱలవలసిన పని లేదు. భేదకమైన భాగమును మొదట నుంచిన చాలును. "పదకోశం", "పదకోశాలు" అనుటకు మాఱుగా "ఏకకోశం", "బహుకోశం" అని పెట్టిన యెడల పట్టికలో అవి "ఏకకోశ", "బహుకో" అని వేఱుగా నిలుచును. సమాసమున విశేషణము పూర్వపదముగా నుండుట మన భాషలకు సహజమే గనుక ఇట్టి నామకరణము భాషాస్వభావమునకు విరుద్ధము కాదు.

అక్షరము, సంకేతము, బైటు అను మూడు కొలతలను వేఱుగా గ్రహించుట ప్రోగ్రాములు వ్రాయువారికెంత అవసరమో, వారికి భాషాస్వరూపమును తెలియజెప్పవలసిన భాషాపండితులకును అంత అవసరము. పదునైదు బైట్లు చాలునని హద్దు పెట్టినపుడు వారి కన్నుల యెదుట నున్నది ఇంగ్లీషు అక్షరమాల. తెలుగుపేరు ఆ హద్దులో విఱుగునని చూపి, దానిని కాపాడుకొను మార్గమును చెప్పవలసినవారు ఆ భాషల శాఖలవారే.